ఎందరిలో నెందరు?

ఇంటిలో నెవరికైన జబ్బు చేసినప్పుడు వైద్యుని నోట వెలువడు మాటలలో మనకు మిక్కిలి బరువుగా తోచునవి రెండు. "ఇందులో ప్రమాదము కలదు" అనునది యొకటి. "ప్రమాదమేమియు లేదు" అనునది రెండవది. మొదటి మాట విని మందుసీసాను అటకమీదికి చేర్చు ఇల్లాండ్రు కలరు. రెండవ మాట విని కాగితము చదువకయే సంతకము చేయు గృహస్థులును కలరు. ఈ రెండు మాటలకు నడుమ నొక చిన్న ప్రశ్న దాగియున్నది. ఎందరిలో నెందరికి? అనునదే యా ప్రశ్న. దాని నడుగువారు అరుదు. అడుగకమునుపే జవాబు చెప్పువారు మఱింత అరుదు.

మందును గాని టీకాను గాని జనులు నిరాకరించినప్పుడు చదువుకొన్న మనవంటివారు వెంటనే మూఢత్వమని తీర్పు చెప్పుదురు. సంస్కారమును కోరువారికి ఈ తీర్పు సులభముగా నచ్చును. ఏలయన, ఇందు తప్పంతయు ఎదుటివారిదే. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో తెలిసికొనవలెనన్నచో ఆ చిన్న ప్రశ్నయొక్క చరిత్రను చూడవలెను. మూడువందల యేండ్ల వెనుక ఒక రేవుపట్టణమున మొదలై, ఆ చరిత్ర మన కాలపు జర్మను మనశ్శాస్త్రజ్ఞుడు గెర్డ్ గిగరెంట్సర్ పరిశోధనలవరకు వచ్చి, అక్కడనుండి మన గుమ్మములోనికే ప్రవేశించుచున్నది.

1721వ సంవత్సరము ఏప్రిలు నెలలో వెస్టిండీసు దీవులనుండి అమెరికాలోని బోస్టను రేవునకు వచ్చిన యొక ఓడ మశూచికమును వెంట తెచ్చెను. మన పెద్దలు అమ్మవారని పిలిచి భయభక్తులతో కొలిచిన వ్యాధియే అది. అది భూమిమీద లేకుండ పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది కనుక నేటి పిల్లలకు దాని రూపము తెలియదు. నాటి బోస్టను జనసంఖ్య సుమారు 11,000. ఏడాది తిరుగకముందే అందులో సగమునకు పైగా జనులు మంచము పట్టిరి.

ఆ పట్టణమున కాటన్ మేథర్ అను మతాచార్యుడుండెను. ఆయన యింట ఒనీసిమస్ అను ఆఫ్రికా దేశపు బానిస కొంతకాలము పనిచేసెను. నీకు మశూచికము వచ్చినదా యని మేథర్ ఒకప్పుడు అతని నడిగెను. వచ్చినదనియు రాలేదనియు కూడ ఒనీసిమస్ జవాబు చెప్పెను. తన దేశమున రోగి పొక్కులలోని రసమును తీసి ఆరోగ్యవంతుని చేతిమీది గాటులో నుంచుదురనియు, దానివలన కొద్దిపాటి జబ్బు వచ్చి పోవుననియు, పిదప జన్మలో మశూచికము రాదనియు అతడు వివరించి తన చేతిమీది మచ్చను చూపెను. తురుష్క దేశమున నిట్టి ఆచారమే కలదని లండనులోని రాయల్ సొసైటీ ప్రకటించిన వ్యాసములలో మేథర్ చదివెను. 1721 జూనులో ఆయన పట్టణమందలి వైద్యులకు ఈ సంగతి వ్రాసెను. ముందునకు వచ్చినవాడు ఒక్కడే: జాబ్డియల్ బాయిల్‌స్టన్. జూను 26వ తేదీన అతడు తన ఆరేండ్ల కుమారునికిని, తన యింట నున్న ఒక బానిసకును, మఱొక పసివానికిని ఈ చికిత్స చేసెను.

ఇది 1796లో జెన్నరు కనిపెట్టిన ఆవు మశూచి టీకా కాదు. నిజమైన మశూచికమునే కొలదిగా ఒడలి కెక్కించుట. కావున ప్రాణభయము కల్పితము గాదు. ఊరు భగ్గుమనెను. బోస్టను వైద్యులలో విశ్వవిద్యాలయ పట్టము పొందినవాడు విలియం డగ్లస్ ఒక్కడే. అతడే యెదురుపక్షమునకు నాయకుడయ్యెను. ఆఫ్రికా బానిసల సాక్ష్యమును అతడు పరిహసించెను. ఆ సంవత్సరము నవంబరులో మేథర్ యింటి కిటికీలోనుండి ఎవరో మందుగుండు విసరిరి. అది పేలకపోవుటచేత ప్రాణములు దక్కినవి. అయినను డగ్లస్ చెప్పిన మాటలలో నొకటి సత్యము: చికిత్స పొందినవారినుండియు వ్యాధి ఇతరుల కంటుకొనవచ్చును. ఎదిరించినవారందఱు మూఢులు కారు. సమర్థించినవారందఱు లెక్క తెలిసినవారును కారు.

వాదము తీరినది కేకలతో గాదు, లెక్కతో. ఉపద్రవము శాంతించిన పిదప చూడగా, సహజముగా మశూచికము వచ్చినవారు సుమారు 5,800 మంది. వారిలో చనిపోయినవారు 840కి పైగా, అనగా ఏడుగురిలో నొకరు. బాయిల్‌స్టన్ చికిత్స చేసినవారు 240కి పైగా. వారిలో చనిపోయినవారు ఆరుగురు, అనగా నలుబదిమందిలో నొకరు. ఆ ఆరుగురిని అతడు దాచలేదు. 1726లో లండనున అచ్చు వేయించిన గ్రంథమున చికిత్స పొందినవారి వయస్సును, రోగక్రమమును, ఫలితమును వరుసగా వ్రాసి, చచ్చినవారిని చచ్చినవారుగానే లెక్కలో చేర్చెను. "నా చికిత్సలో ప్రమాదము లేదు" అని అతడు చెప్పియున్నచో, మొదటి శవము లేచిననాడే అతని మాట కూలిపోయి యుండును. ప్రమాదము కలదని ఒప్పుకొని, అది ఎందరిలో నెందరికో చెప్పుటచేతనే అతని మాట నిలిచినది. కాలక్రమమున డగ్లస్ సైతము ఈ పద్ధతి నంగీకరించెను.

ఆ కాలమునందే లండనున రాయల్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ జూరిన్ దేశములోని వైద్యులకు జాబులు వ్రాసి, ఎవరికి చికిత్స చేసిరి, వయస్సెంత, ఫలితమేమి అని అడిగి, వచ్చిన జవాబులను ఏటేట ప్రకటించుచుండెను. సహజముగా వ్యాధి వచ్చినవారిలో ఐదారుగురి కొకరు, చికిత్స పొందినవారిలో సుమారు ఏబదిమంది కొకరు చనిపోవుచున్నారని ఆయన లెక్క తేల్చెను. చికిత్స మంచిదని గాని చెడ్డదని గాని గట్టిగా బోధించుటకంటె, లెక్కను ఎదుట పెట్టి తీర్పును చదువరులకు విడుచుటయే ఆయన పద్ధతి.

అయినను లెక్క తెలిసినంతమాత్రమున మనస్సు దానిని వినునా? బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ ఈ సందర్భమున చెప్పదగినది. 1721లో అతడు పదునైదేండ్ల బాలుడై, తన అన్న నడపుచున్న బోస్టను పత్రికలో అచ్చుపని నేర్చుకొనుచుండెను. ఆ పత్రిక చికిత్సను ఎదిరించిన పత్రిక. పెద్దవాడైన పిదప ఫ్రాంక్లిన్ దానిని సమర్థించెను. కాని 1736 నవంబరులో అతని నాలుగేండ్ల కుమారుడు మశూచికముచేత మరణించెను. బాలునికి చికిత్స చేయించి యుండలేదు. చికిత్సవలననే పోయినాడని వదంతి పుట్టగా, ఇతర తలిదండ్రులు భయపడకుండుటకై ఫ్రాంక్లిన్ పుత్రశోకమునందే పత్రికాముఖమున నిజము ప్రకటించెను. చేయించినందువలన బిడ్డ పోయినను, చేయింపనందువలన బిడ్డ పోయినను తలిదండ్రుల దుఃఖ మొక్కటే గనుక, అపాయము తక్కువగల మార్గమునే యెన్నుకొనుడని అతడు తన జీవితచరిత్రలో హెచ్చరించెను. మనము చేసిన పనివలన కలుగు కీడు కన్నులకు గట్టినట్లుండును. చేయని పనివలన కలుగు కీడును దైవముమీదికి త్రోసివేయుదుము. ఈ బలహీనతను గ్రంథములలో గాక కడుపుకోతలో నేర్చుకొన్నవాడు ఫ్రాంక్లిన్.

1760లో డేనియల్ బెర్నూలీ అను గణితవేత్త పారిసులోని విజ్ఞానపరిషత్తునందు ఒక లెక్క సమర్పించెను. చికిత్సవలన ఇన్నూరుమందిలో నొకరు చనిపోదురనుకొన్నను, అందఱికిని అది చేసినచో మనుష్యుని సగటు ఆయువు సుమారు మూడేండ్లు పెరుగునని ఆయన తేల్చెను. అదే సంవత్సరము డాలంబేర్ అను మఱొక గణితవేత్త ఎదురు చెప్పెను. చికిత్సకు ఆయన విరోధి కాడు. కాని ఈ నెలలో రాదగిన చావును, ముసలితనమున కలిసివచ్చు మూడేండ్లను ఒకే తక్కెడలో తూచుట యెట్లని ఆయన ప్రశ్న. దేశమునకు లాభమైనది ఒక తల్లికి తన బిడ్డ విషయమున అట్లే తోచవలెనని లేదు. లెక్కను నిర్లక్ష్యము చేయరాదనుట ఎంత సత్యమో, లెక్క యొక్కటే నిర్ణయము చేయజాలదనుటయు అంత సత్యము.

డాలంబేర్ లేవదీసిన సందేహము గణితమునకు చెందినది గాదు, మనస్సునకు చెందినది. దానిని ప్రయోగములచేత పరీక్షించువారు పుట్టుటకు రెండువందల యేండ్లు పట్టినది. వారిలో ప్రసిద్ధులు ఇజ్రాయేలు దేశమునుండి వచ్చిన ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ అను మనశ్శాస్త్రజ్ఞులు. 1982లో ట్వెర్‌స్కీ మఱికొందఱు వైద్యపండితులతో కూడి ఒక పరీక్ష చేసెను. ఊపిరితిత్తుల క్యాన్సరునకు శస్త్రచికిత్స మేలా, కిరణచికిత్స మేలా యని రోగులను, విద్యార్థులను, వైద్యులను అడిగిరి. సగముమందికి "శస్త్రచికిత్స చేయించుకొన్న నూరుమందిలో 90 మంది దానిని దాటి బ్రతుకుదురు" అను రీతిని చెప్పిరి. తక్కినవారికి "నూరుమందిలో 10 మంది చనిపోదురు" అను రీతిని చెప్పిరి. రెండు వాక్యములకు అర్థ మొక్కటే. అయినను బ్రతుకు మాట విన్నవారిలో కిరణచికిత్సను కోరినవారు నూటికి 18 మంది. చావు మాట విన్నవారిలో నూటికి 44 మంది. వైద్యులును ఈ భ్రమనుండి తప్పించుకొనలేదు.

ఇట్టి ఫలితములను చూచి, మనుష్యుని బుద్ధియే లెక్కకు పనికిరానిదని పలువురు నిశ్చయించిరి. ఈ నిశ్చయమునకు ఎదురు నిలిచినవాడు గిగరెంట్సర్. 1947లో బవేరియాలో జన్మించి, బెర్లినులోని మాక్స్ ప్లాంక్ సంస్థలో చిరకాలము పరిశోధకులకు నాయకత్వము వహించిన ఈ పండితుడు ప్రశ్నను తలక్రిందు చేసెను. వినువాని బుద్ధిలో లోపము కలదా, చెప్పువాని మాటలో లోపము కలదా యని ఆయన అడిగెను.

మాటలోని లోపమునకు ఆయన తరచుగా చూపు దృష్టాంతము ఇంగ్లండునందు జరిగినది. 1995 అక్టోబరులో ఆ దేశపు ఔషధ సంరక్షణ సంఘము వైద్యులకు ఒక హెచ్చరిక పంపెను. కొత్తగా వచ్చిన కొన్ని గర్భనిరోధ మాత్రలవలన రక్తనాళములలో గడ్డలు కట్టు ప్రమాదము రెండింతలగునని దాని సారము. పత్రికలు దానిని చాటినవి. రెండింతలనగా నూటికి నూరు పెరుగుట. ఆ మాట విన్న యే స్త్రీ గుండె నిలుచును? ఎందఱో మాత్రలు మానివేసిరి. నిజమేమనగా, పాత మాత్రలు వాడు 7,000 మందిలో ఒకరికి వచ్చుచుండిన ఆ జబ్బు కొత్త మాత్రలు వాడు 7,000 మందిలో ఇద్దఱికి వచ్చెను. రెండింత లనుట అబద్ధము గాదు. ఏడువేలలో నొకరు పెరిగి రనుటయు అబద్ధము గాదు. కాని మొదటి మాట ఇండ్లలో భయము నింపినది. రెండవ మాట చెప్పియున్నచో ఆలోచన కలిగి యుండును. ఆ మరుసటి సంవత్సరము ఇంగ్లండు, వేల్సు సీమలలో సుమారు 13,000 గర్భస్రావములు అధికముగా జరిగినవని అంచనా. గర్భధారణమువలన కలుగు గడ్డల ప్రమాదము ఆ మాత్రల ప్రమాదముకంటె నెక్కువ యనుట యీ కథలోని విషాదము. అపాయమును తప్పించుకొనవలెనని పరుగెత్తినవారు అంతకంటె పెద్ద అపాయములో పడిరి. ఈ స్త్రీలు మూఢులా? తమకు చెప్పిన మాటను నమ్మి, తమ దేహమును కాపాడుకొనజూచినవారు. తప్పు వారిది గాదు.

1995లోనే గిగరెంట్సర్, ఉల్‌రిష్ హోఫ్‌రాగె అను సహచరునితో కూడి మఱియొక విషయమును నిరూపించెను. నూటికింత యని చెప్పిన చోట తడబడు బుద్ధి, మనుష్యులను ఎంచి చూపిన చోట చురుకుగా పనిచేయునని వారు కనుగొనిరి. స్తనములలో క్యాన్సరు కలదేమో చూచు ఛాయాపరీక్షను తీసికొందము. ఆ పరీక్షలో దోషము కనబడినదని చెప్పగానే ఏ యింటనైనను ఏడుపులు మొదలగును. ఇప్పుడు వేయిమంది స్త్రీలను ఒక మైదానములో నిలిపితి మనుకొనుడు. వారిలో నిజముగా క్యాన్సరు కలవారు 10 మంది. ఆ పదిమందిలో 9 మందిని పరీక్ష పట్టుకొనును. మిగిలిన 990 మందికి జబ్బు లేదు. అయినను వారిలో సుమారు 89 మందికి పరీక్ష పొరపాటున దోషమున్నట్లు చూపును. కావున దోషము కనబడినవారు మొత్తము 98 మంది. వారిలో జబ్బు నిజముగా కలవారు 9 మందే. పదిమందిలో నొకరు! తక్కినవారికి మఱియొక పరీక్ష కావలెను గాని ఏడుపు కాదు.

ఈ లెక్క చదువురాని యవ్వకును అర్థమగును. సంతలో తట్టలెంచు బుద్ధి చాలును. కాని నూటికింత యను లెక్కలుగా చెప్పి, గిగరెంట్సర్ 160 మంది స్త్రీరోగ వైద్యులను పరీక్షించినప్పుడు, నాలుగు జవాబులలో సరియైన దానిని గుర్తించినవారు నూటికి 21 మంది మాత్రమే. కన్నులు మూసికొని వ్రేలు పెట్టినను నూటికి 25 మంది ఒప్పగుదురు! దోషము కనబడినచో నూటికి 80, 90 పాళ్లు క్యాన్సరే యని పలువురు వైద్యులు తలచిరి. అట్లు తలచినవారు రోగులకు ఏమి చెప్పుచుండిరో ఊహించుకొనుడు. మనుష్యుల నెంచి చూపు పద్ధతిని కొంచెముసేపు నేర్పిన పిదప, సరిగా చెప్పినవారు నూటికి 87 మంది. బుద్ధి మారలేదు; మాట మారినది.

నూటికి కోటికి ఒకరని మన యింట ముసలమ్మలు అను మాటలో ఈ పద్ధతి యెన్నడో కలదు. ఎంచి చెప్పుట మనకు క్రొత్తది గాదు. క్రొత్తది కావలసినది ఎదుటివారిని ఎంచదగినవారుగా భావించుట.

ఈ మాట ఎంత అవసరమో చెప్పుటకు బోస్టనువరకు పోనక్కఱలేదు. 2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము మొదలగు ప్రాంతములందు, పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకా వేయు కార్యక్రమము ఆరంభమాయెను. ఒక అమెరికా సంస్థ, రాష్ట్ర ప్రభుత్వముతోను భారత వైద్య పరిశోధన మండలితోను కలిసి దానిని నడపెను. సుమారు 14,000 మంది బాలికలకు టీకా వేసిరి. వారిలో గిరిజన బాలికలు, వసతిగృహములలో చదువుకొనువారు పెక్కుమంది. తరువాత కొందఱు బాలికలు మరణించిరి. అలజడి పుట్టి, 2010 ఏప్రిలులో కార్యక్రమము ఆగిపోయెను. ఆ మరణములకు వేర్వేరు కారణములు కలవనియు, టీకాతో సంబంధము కనబడలేదనియు విచారణ సంఘము తేల్చినది. కాని అదే విచారణలో మఱొక సంగతి బయటపడినది. తలిదండ్రులు సంతకము చేయవలసిన అంగీకార పత్రములలో వేలకొలది పత్రములపై వసతిగృహ సంరక్షకులు సంతకము చేసియుండిరి. 2013లో పార్లమెంటు సంఘము దీనిని తీవ్రముగా ఖండించినది.

ఆ టీకా చెడ్డది కాదు. స్కాట్లండులో పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున దానిని పూర్తిగా వేయించుకొన్న స్త్రీలలో ఒక్కరికైనను ఆ క్యాన్సరు కనబడలేదని 2024లో ప్రకటింపబడినది. ఇంత మంచి మందు మన యొద్ద అపకీర్తి పాలగుటకు కారణము గిరిజనుల మూఢత్వము గాదు. వారి నెవరును అడుగలేదు. ఎందరిలో నెందరికి మేలు, ఎందరికి జ్వరము రావచ్చును, బిడ్డకు నలతగా నున్నచో ఎవరియొద్దకు పోవలెను అని వారికి చెప్పినవారు లేరు. వారికి అర్థము కాదని ముందే నిశ్చయించుకొనిరి. బోస్టనులో ఒక బానిస చెప్పిన సత్యము పండితునికి పరిహాసమాయెను. ఖమ్మములో ఒక తల్లి వినవలసిన సత్యము ఆమె చెవిదాక రాలేదు. రెండు చోట్లను రోగ మొక్కటే: ఎదుటివాని బుద్ధిని తక్కువగా తూచుట.

చదువరులారా! రేపు మీ యింట నొక మందునుగూర్చి గాని, టీకానుగూర్చి గాని, శస్త్రచికిత్సనుగూర్చి గాని మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. ఈ మేలు గాని కీడు గాని ఎందరిలో నెందరికి? ఈ చికిత్స లేనిచో ఎందరిలో నెందరికి? ఎంత కాలములో? "సగమునకు తగ్గును" అని చెప్పినచో దేనిలో సగమని అడుగుడు. వేయిమందిలో రెండువందలు నూఱగుట వేఱు, ఇద్దఱు ఒకరగుట వేఱు. జవాబులు విన్న పిదప కూడ నిర్ణయము మీదే. ఒక తల్లి ధైర్యమును, ఒక తండ్రి వెఱపును ఏ లెక్కయు రద్దు చేయజాలదు. కాని ఆ ధైర్యమును వెఱపును వెలుతురులో నిలువబడవలెను.

అడుగుటతోనే మన పని తీరదు. మన యింట వంటచేయునామె బిడ్డకు టీకా వద్దన్నప్పుడు, పొలమున పాలేరు మందు మానివేసినప్పుడు, మూఢత్వమని మొగము త్రిప్పుకొనక, కూర్చుండబెట్టి పదిమందిని వ్రేళ్లమీద ఎంచి చూపుదము. విన్న పిదప వారు వద్దన్నచో అది వారి నిర్ణయము. వినిపింపకయే వారిని నిందించితిమేని, ఆ మూఢత్వము మనది.